87వ వంతు రైలు: మోడల్ రైల్వే కబుర్లు ఎందుకంత చిక్కుగా ఉంటాయి?

“అన్నా, కొత్త ఆల్కోకి లాంగ్ అడ్రస్ ఇచ్చాను. సీవీ 29లో ఎంత పెట్టాలి?”

“ఎల్‌హెచ్‌బీ రేక్ తర్వాత కొందువుగాని తమ్ముడూ, ముందు నీ మినిమమ్ రేడియస్ ఎంతో చెప్పు.”

“కోడ్ 100 పట్టాలు వేశావంటే ఆ పాత చక్రాలకి ఢోకా లేదులే.”

మోడల్ రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లు ఒకచోట చేరితే మాటలు ఇలాగే సాగుతాయి. పక్కన కూర్చున్న కొత్తవాళ్లకి ఒక్క ముక్క అర్థం కాదు. అక్షరాలు, అంకెలు, మిల్లీమీటర్లు, వాటి మీద గంటల తరబడి వాదనలు. చాలామంది ఇక్కడే భయపడి వెనక్కి తగ్గుతారు. నిజానికి ఈ మాటలన్నిటి వెనకా ఉన్న చిక్కు ఒక్కటే. రైలు పొడవును 87తో భాగించగలం. మన గది పొడవును భాగించలేం. భూమి ఆకర్షణను, గాల్లోని దుమ్మును, మన వేళ్ల మందాన్ని, గడియారాన్ని కూడా భాగించలేం. కొన్ని తగ్గి కొన్ని తగ్గకపోయేసరికి ఎక్కడో ఒకచోట లెక్క తప్పుతుంది. ఆ తప్పు ఎక్కడుంటే తనకు ఇబ్బంది లేదో ప్రతి మోడలరూ ఎంచుకోవాలి. కబుర్లన్నీ ఆ ఎంపిక గురించే.

స్కేల్ వేరు, గేజ్ వేరు

మొదటి తికమక ఇక్కడే. అసలు రైలును ఎన్నో వంతుకు తగ్గించామన్నది స్కేల్. పట్టాల లోపలి అంచుల మధ్య దూరం గేజ్. ప్రపంచంలో ఎక్కువమంది వాడే హెచ్‌ఓ స్కేల్ 1:87. యూరప్, అమెరికాల్లో నడిచే స్టాండర్డ్ గేజ్ 1435 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 16.5 మి.మీ. వస్తుంది. హెచ్‌ఓ పట్టాలు సరిగ్గా అంతే వెడల్పులో ఉంటాయి. ఇక్కడివరకు ఏ గొడవా లేదు.

గొడవ బ్రిటన్‌లో మొదలైంది. 1922లో జర్మనీకి చెందిన బింగ్ కంపెనీ భోజనాల బల్ల మీద పట్టేంత చిన్న రైలును అక్కడి మార్కెట్లోకి తెచ్చింది. అలాంటి చిన్న రైళ్లకు గిరాకీ పెరిగింది. అయితే బ్రిటన్ రైళ్లు మిగతా యూరప్ రైళ్లకంటే సన్నగా, పొట్టిగా ఉంటాయి. అక్కడి సొరంగాలు, వంతెనలు రైల్వే తొలిరోజుల్లో కట్టినవి, ఇరుకైనవి. ఆ సన్నని ఇంజన్‌ను 87వ వంతుకు తగ్గిస్తే ఆ రోజుల్లో దొరికే మోటార్ లోపల పట్టలేదు. అందుకని పట్టాలను 16.5 మి.మీ. దగ్గరే ఉంచి ఇంజన్ పైభాగాన్ని మాత్రం పెద్దది చేశారు. అలా పుట్టిందే ఓఓ స్కేల్, 1:76. 1938లో వచ్చిన హార్న్‌బీ డబ్లో రైళ్లు కూడా ఈ పద్ధతిలోనే తయారయ్యాయి. ఈ లెక్కన పట్టాలు 18.83 మి.మీ. ఉండాలి, ఉన్నది 16.5. అంటే బ్రిటిష్ మోడల్ రైలు తన ఒళ్లుకి తగ్గ పట్టాలకంటే 12 శాతం ఇరుకైన దారిలో నడుస్తోంది. మోటార్లు గోరంత చిన్నవైపోయినా ఈ కొలత మారలేదు. అప్పటికే లక్షల ఇళ్లలో ఆ పట్టాలు, ఆ రైళ్లు ఉన్నాయి మరి. పట్టింపు ఉన్న కొద్దిమంది మాత్రం 18.83 మి.మీ. పట్టాలను చేత్తో పేర్చుకుని పీ4 అనే పద్ధతిలో కచ్చితమైన రైళ్లు నడుపుతారు.

జపాన్‌లో తప్పు ఎదురు దిశలో ఉంది. అక్కడి మామూలు రైళ్లది 1067 మి.మీ. గేజ్. మామూలుగా 1:160 ఉండే ఎన్ స్కేల్‌లో పట్టాల వెడల్పు 9 మి.మీ. జపాన్ కంపెనీలు వాటి మీద 1:150 రైళ్లను నడుపుతాయి. 9ని 150తో గుణిస్తే 1350. అంటే పట్టాలు ఉండాల్సినదానికంటే వెడల్పుగా ఉన్నాయి. అయినా జపాన్‌లో ఎన్ స్కేల్‌కి ఉన్న ఆదరణ ఇంతా అంతా కాదు.

మన బ్రాడ్‌గేజ్ సంగతి

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. భారతీయ బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19.26 మి.మీ. ఆ కొలతలో రెడీమేడ్ పట్టాలు ఏ పెద్ద కంపెనీ చేయదు. కాబట్టి మనవాళ్లలో ఎక్కువమంది హెచ్‌ఓ కోచ్‌లను, ఇంజన్లను 16.5 మి.మీ. పట్టాల మీదే నడుపుతారు. దీంతో పట్టాలు 14 శాతం ఇరుకవుతాయి. “అది ఇండియన్ రైలే కాదు, స్టాండర్డ్ గేజ్ మీద ఎక్కించిన ఇండియన్ బొమ్మ” అని ఒకరంటారు. “పక్కనుంచి చూస్తే ఎవరికి తెలుస్తుంది?” అని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ నిజముంది. లోటు 2.76 మి.మీ. బల్ల పక్కన నిలబడి రైలు వెళ్తుంటే చూసేవాడికి అది కనపడదు. కంటి ఎత్తులో పెట్టి ఎదురుగా వచ్చే రైలును ఫొటో తీస్తే మాత్రం చక్రాలు లోపలికి ముడుచుకున్నట్టు ఇట్టే తెలిసిపోతుంది. మన పాతరకం ఐసీఎఫ్ కోచ్ వెడల్పు 3245 మి.మీ., హెచ్‌ఓలో 37 మి.మీ. పైచిలుకు. అంత వెడల్పు ఒళ్లు 16.5 మీద నిలబడటంతో తేడా ఇంకాస్త ఎత్తిచూపినట్టుంటుంది.

“అయితే ఎన్ స్కేల్‌కి మారితే ఈ బాధ పోతుందా?” అని చాలామంది అడుగుతారు. పోదు. తేడా 1676కి, 1435కి మధ్య ఉన్నది. స్టాండర్డ్ గేజ్ కోసం చేసిన ఏ స్కేల్ పట్టాల మీద మన బ్రాడ్‌గేజ్ రైలును అదే స్కేల్‌లో పెట్టినా అదే 14 శాతం లోటు వస్తుంది. ఓఓ స్కేల్‌లో పెడితే ఇంకా ఘోరం. అక్కడ మనకు కావాల్సింది 22 మి.మీ., దొరికేది 16.5. నాలుగో వంతు పోయినట్టే. మన రైళ్లను 1:100 దగ్గర చేస్తే లెక్క దాదాపు సరిపోతుంది. కానీ ఆ స్కేల్‌లో చక్రాలు, కప్లర్లు (కోచ్‌లను తగిలించే కొక్కేలు), మనుషుల బొమ్మలు వెతుక్కోవడానికే తల ప్రాణం తోకకొస్తుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మొదటి లేఅవుట్‌కి (పట్టాలు పరిచి అమర్చుకునే బల్లకి) హెచ్‌ఓ ఒళ్లు, 16.5 పట్టాలు చాలు. స్పెయిన్‌ది కూడా మనలాంటి వెడల్పాటి గేజ్, 1668 మి.మీ. అక్కడి హెచ్‌ఓ మోడళ్లు కూడా 16.5 మీదే నడుస్తాయి. బ్రిటిష్‌వాళ్ల 12 శాతానికి మన 14 శాతం పెద్ద దూరమేమీ కాదు. ఆ తెగువ ఉన్నవాళ్లు 19.26 పట్టాలు చేత్తో వేస్తామంటే వాళ్లకి దండం పెట్టాల్సిందే. పాయింట్లు (రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించే చోట్లు) సహా ప్రతి అంగుళం సొంతంగా కట్టుకోవాలి, ప్రతి ఇరుసు మార్చుకోవాలి.

మీటర్‌గేజ్ వాళ్లకు మాత్రం ఈ తిప్పలు లేవు. 1000 మి.మీ. గేజ్ హెచ్‌ఓలో 11.5 అవుతుంది. స్విస్ మీటర్‌గేజ్ లైన్ల మోడళ్ల కోసం 12 మి.మీ. పట్టాలు యూరప్‌లో రెడీమేడ్‌గా దొరుకుతాయి. తేడా నాలుగు శాతం. ఒకప్పటి గుంటూరు–మాచర్ల లైను, కాచిగూడ–ద్రోణాచలం లైను, వాటి మీద తిరిగిన వైపీ ఆవిరి ఇంజన్లు, వైడీఎం-4 డీజిళ్లు మోడల్ చేయాలనుకునేవాళ్లకి పట్టాల లెక్క దాదాపు పూర్తిగా కలిసొస్తుంది. 1992లో లైన్లన్నీ ఒకే గేజ్‌కి మార్చే యూనిగేజ్ ప్రాజెక్ట్ మొదలయ్యాక ఆ పట్టాలు ఒక్కొక్కటిగా బ్రాడ్‌గేజ్ అయిపోయాయి. వాటిని చూసిన తరం ఇంకా మన మధ్య ఉంది. ఆ స్టేషన్ల ఫొటోలు, కొలతలు పోగుచేసుకోవడానికి ఇదే సరైన సమయం.

కోడ్ అన్న మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. అది పట్టా ఎత్తు, అంగుళంలో వెయ్యో వంతుల్లో. కోడ్ 100 అంటే 0.1 అంగుళం, 2.54 మి.మీ. 87తో గుణిస్తే 221 మి.మీ. మన మెయిన్ లైన్లలో వేసే, మీటరుకి 60 కిలోలు తూగే పట్టా ఎత్తు 172 మి.మీ. మాత్రమే. కాబట్టి కోడ్ 100 మన కంటికి దుంగలా కనపడుతుంది. కోడ్ 75 అయితే 166 దగ్గరకొస్తుంది. 52 కిలోల పట్టా ఎత్తు 156, దానికి కోడ్ 70 అతికినట్టు సరిపోతుంది. మెయిన్ లైనుకి 75, సైడింగ్‌కి (రైళ్లను పక్కన నిలిపే లైనుకి) 70 వేస్తే ఎక్కడ ఏ పట్టా ఉందో రైల్వేవాళ్లు చూడగానే పట్టేస్తారు. లోతైన అంచులున్న పాత చక్రాలు మాత్రం ఈ పొట్టి పట్టాల స్లీపర్ల మేకుల మీద టకటకా కొట్టుకుంటాయి. పాత చక్రాలున్నవాళ్లు కోడ్ 100 వదలకపోవడానికి కారణం అదే.

అసలు శత్రువు మలుపు

స్కేల్ గురించి ఎంత వాదించుకున్నా లేఅవుట్‌ను చివరికి నిర్ణయించేది మలుపే. మన బ్రాడ్‌గేజ్‌లో అనుమతించే అత్యంత తీవ్రమైన మలుపు 10 డిగ్రీలు, అంటే 175 మీటర్ల రేడియస్. హెచ్‌ఓలో అది 2 మీటర్లు. వెనక్కి తిరిగి రావాలంటే 4 మీటర్ల వెడల్పు కావాలి. మన ఫ్లాట్లలో ఏ గదిలో అంత చోటుంటుంది? అందుకని బాక్సుల్లో వచ్చే పట్టాలు 18 అంగుళాల రేడియస్‌తో, అంటే 457 మి.మీ.తో వంగి ఉంటాయి. దాన్ని అసలు కొలతకి పెంచితే 40 మీటర్లు. అలాంటి మలుపు దగ్గరికి మన ఎక్స్‌ప్రెస్ రైలు వెళ్లనే వెళ్లదు.

మన కొత్తరకం పొడవాటి ఎల్‌హెచ్‌బీ కోచ్‌ను ఆ మలుపు మీద పెట్టి చూద్దాం. కోచ్ ఒళ్లు పొడవు 23.54 మీటర్లు, హెచ్‌ఓలో 27 సెంటీమీటర్లు. రెండు చక్రాల ఫ్రేముల కేంద్రాల మధ్య 14.9 మీటర్లు, మోడల్‌లో 17 సెం.మీ. 457 రేడియస్ మీద ఈ కోచ్ నడుము లోపలివైపు 8 మి.మీ. జరుగుతుంది, మూలలు బయటివైపు 12 మి.మీ. పొడుచుకొస్తాయి. పక్క లైన్లో ఇంకో రైలు ఉంటే రెండూ రాసుకుంటాయి. ప్లాట్‌ఫామ్ మలుపులో ఉంటే అంచు కొట్టుకుంటుంది. చూడటానికి కోచ్‌లన్నీ విరిగిపోయి వేలాడుతున్నట్టుంటాయి. అనుభవజ్ఞులు ఒక లెక్క చెప్తారు: రేడియస్ కనీసం అతి పొడవైన కోచ్‌కి మూడు రెట్లుండాలి. ఎల్‌హెచ్‌బీకైతే 81 సెం.మీ. వడ్రంగి దగ్గర దొరికే ఎయిట్ బై ఫోర్ ప్లైవుడ్ షీటు వెడల్పు 122 సెం.మీ. దాని మీద 56 సెం.మీ. రేడియస్ దాటదు. అందుకే “రేక్ (కోచ్‌ల వరుస) తర్వాత, రేడియస్ ముందు” అంటారు. 8×4 షీటే గతి అనుకుంటే దాని మీద ఎల్‌హెచ్‌బీ రేక్ బదులు పొట్టి గూడ్స్ వ్యాగన్లు, నాలుగు చక్రాల పాత వ్యాగన్లు, ఒక ఆల్కో డీజిల్ చక్కగా నప్పుతాయి. లేదా ఎన్ స్కేల్. అందులో ఎల్‌హెచ్‌బీ 14.7 సెం.మీ., మూడు రెట్ల లెక్క 44 సెం.మీ.తో అదే షీటు మీద తీరిపోతుంది.

పొడవు సంగతీ అంతే. 24 కోచ్‌ల రైలు హెచ్‌ఓలో ఆరున్నర మీటర్లు దాటుతుంది. విజయవాడ నుంచి విశాఖకి 350 కిలోమీటర్లు, అది హెచ్‌ఓలో 4 కిలోమీటర్లు. హాంబర్గ్‌లోని మినియాటూర్ వుండర్‌లాండ్ అనే పెద్ద మోడల్ రైల్వే ప్రదర్శనలో వేసిన పట్టాలన్నీ కలిపితే 15 కిలోమీటర్లు దాటుతాయి. మన ఒక్క మెయిన్ లైనును డబుల్ ట్రాక్‌తో యథాతథంగా వేస్తే అందులో దాదాపు సగం ఖర్చయిపోతుందన్నమాట. రాజమండ్రి దగ్గర గోదావరి మీద ఉన్న ఆర్చి బ్రిడ్జిని తీసుకోండి. ఒక్కో స్పాన్ 97.5 మీటర్లు, మొత్తం 28. హెచ్‌ఓలో ఒక్క ఆర్చి 112 సెం.మీ. అన్నీ చేస్తే 31 మీటర్లు. అందుకని మూడు ఆర్చిలు చేసి, రెండు చివర్లా గోడ మీద నది, ఆకాశం గీస్తారు. మూడింటితోనే చూసినవాళ్లు “రాజమండ్రి!” అనేస్తారు. ఎంత తగ్గించినా ఊరిని గుర్తుపట్టించే ముక్క ఏదో ముందు తేల్చుకోవాలి, మిగతాది వదిలేసినా ఎవరూ వెతకరు.

ఈ విషయంలో కొత్తవలస–కిరండూల్ లైను మోడలర్లకు వరం. అరకు దారిలో ఆ లైనుకి 58 సొరంగాలున్నాయి. గది మూలల్లో తప్పనిసరిగా వేయాల్సిన పదునైన మలుపును కొండ కిందకి పంపేయొచ్చు. రైలు సొరంగంలోకి పోయి ఇంకో సొరంగంలోంచి వస్తుంది. మధ్యలో ఎంత ఘోరమైన మలుపు తిరిగిందో ఎవరికీ కనపడదు. పైగా నిజంగా కూడా ఆ దారి అలాగే ఉంటుంది కాబట్టి అది అతకని అబద్ధంలా అనిపించదు.

బరువు తగ్గదు, కొక్కెం తగ్గదు

పొడవును 87వ వంతు చేస్తే బరువు 87 ఘనంలో వంతు అవ్వాలి, అంటే సుమారు 6,58,500వ వంతు. 40 టన్నుల కోచ్ ఆ లెక్కన 60 గ్రాములు. అంత తేలిక కోచ్‌ను పట్టాలెక్కిస్తే మొదటి పాయింట్ దగ్గరే పడిపోతుంది. అమెరికాలో 1935లో ఏర్పడిన మోడల్ రైల్వే సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ హెచ్‌ఓకి ఒక సూత్రం ఇచ్చింది: ఒక ఔన్సు, దానికి తోడు పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు. మన ఎల్‌హెచ్‌బీకి అది 180 గ్రాములు దాకా వస్తుంది. అంటే స్కేల్ లెక్క కంటే మూడింతలు.

ఎందుకింత? రెండు పట్టాలను కలిపే ఫిష్‌ప్లేట్ దగ్గర పట్టా అర మిల్లీమీటరు ఎత్తుపల్లంగా ఉందనుకోండి. మన కంటికి అది కనపడను కూడా కనపడదు. అసలు రైలుకి అది 4 సెంటీమీటర్లకు పైగా ఉన్న గడప. ఆ దెబ్బ తట్టుకుని చక్రం పట్టాను వదలకుండా ఉండాలంటే బరువు కావాల్సిందే. కోచ్ పడిపోతుంటే చాలామంది కోచ్‌ను తిడతారు. నూటికి తొంభై సార్లు తప్పు పట్టా అతుకులో ఉంటుంది. వేలితో అతుకు మీద మెల్లగా రాస్తే గోరుకి తగులుతుంది. అక్కడ సన్నని ఆకురాయితో లోపలి మూలను కాస్త అరగదీస్తే చాలు.

ఇక కప్లర్లు. నిజం రైళ్లలో ఐసీఎఫ్ కోచ్‌లకు స్క్రూ కప్లింగ్, రెండు పక్కలా బఫర్లు ఉంటాయి. ఎల్‌హెచ్‌బీలకు మధ్యలో చెయ్యి చెయ్యి పట్టుకున్నట్టుండే సీబీసీ (సెంటర్ బఫర్ కప్లర్). మోడల్‌లో సీబీసీ చేయడం తేలిక, కేడీ అనే అమెరికన్ కంపెనీ కప్లర్లు దాదాపు ఆ రూపంలోనే ఉంటాయి. పట్టాల కింద అయస్కాంతం పెడితే చెయ్యి తగలకుండానే విడిపోతాయి. ఐసీఎఫ్ దగ్గరే కష్టం. బఫర్లు ఆనుకునేంత దగ్గరగా కోచ్‌లు తగిలిస్తే ఇరుకు మలుపులో బఫర్లు ఒకదానిలో ఒకటి చిక్కుకుని కోచ్‌ను పట్టాల మీంచి ఎత్తేస్తాయి. దీనికి మనవాళ్లు ఎక్కువగా చేసే పని: రేక్ లోపలి కోచ్‌లను శాశ్వతంగా సన్నని కడ్డీతో కలిపేసి, రెండు చివర్లకు మాత్రమే కేడీ పెట్టడం. ఐసీఎఫ్ రేక్ నిజంగా కూడా విడదీయకుండానే తిరుగుతుంది కాబట్టి ఇందులో పోయేదేమీ లేదు.

విదేశీ మోడళ్లు తెప్పించుకోవడం ఇప్పుడు చాలా ఖరీదైపోయింది. బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. అందుకే మన హాబీలో త్రీడీ ప్రింటర్ ఇంత ముఖ్యమైంది. ఒళ్లు ఇక్కడ ప్రింట్ చేసి, కింద నడిచే భాగాన్ని మాత్రం పాత అమెరికన్ మోడల్ నుంచి తీసుకుంటారు. మన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ అమెరికాలోని ఆల్కో కంపెనీ డిజైన్. దాని ఆరు చక్రాల ఫ్రేములో ఇరుసుల మధ్య దూరాలు సమానంగా ఉండవు, ఆల్కో కట్టిన కొన్ని అమెరికన్ ఇంజన్లకు కూడా అంతే. కాబట్టి ఆ జత సహజంగా కుదురుతుంది.

కరెంటు: ఒక్క పట్టా, రెండు ఇంజన్లు

పాత పద్ధతి డీసీ. రెండు పట్టాలకు 12 వోల్టుల వరకు ఇస్తాం. వోల్టేజ్ పెంచితే వేగం పెరుగుతుంది, ధన ఋణాలు మారిస్తే ఇంజన్ వెనక్కి వెళ్తుంది. చవక, సులువు. చిక్కేమిటంటే కరెంటు పట్టాలది, ఇంజన్‌ది కాదు. ఒకే లైను మీద రెండు ఇంజన్లు పెడితే రెండూ కలిసి కదులుతాయి. ఒకదాన్ని ఆపాలంటే లైనును ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకి స్విచ్ పెట్టాలి.

కొత్త పద్ధతి డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్). ఇందులో పట్టాల్లో ఎప్పుడూ ఒకే స్థాయిలో కరెంటు ఉంటుంది. అదే కరెంటులో ఆదేశాలు కూడా వెళ్తాయి. ధన ఋణాలు సెకనుకి వేలసార్లు అటూఇటూ మారుతుంటాయి. ఒక్కో మార్పు ఎంతసేపు నిలిచిందన్నదే సంకేతం. 58 మైక్రోసెకన్లు నిలిస్తే ఒకటి, 100 దాకా సాగితే సున్నా. ప్రతి ఇంజన్‌లో ఉండే డికోడర్ ఈ సున్నాలు, ఒకట్లు చదివి తన అడ్రస్‌కి వచ్చిన ఆదేశాన్నే పాటిస్తుంది. జర్మనీకి చెందిన లెంజ్ కంపెనీ పద్ధతి ఆధారంగా 1990లలో ఎన్‌ఎంఆర్‌ఏ దీన్ని ప్రమాణం చేసింది. అందుకే ఒక కంపెనీ కంట్రోలర్‌తో ఇంకో కంపెనీ డికోడర్ నడుస్తుంది.

కొత్త డికోడర్ అడ్రస్ 3. ప్రతి ఇంజన్‌కి వేరే అడ్రస్ ఇచ్చుకోవాలి. 127 దాటితే లాంగ్ అడ్రస్ అంటారు, మామూలుగా 9999 దాకా వెళ్లొచ్చు. మన ఇంజన్ల నంబర్లు ఐదంకెలు. డబ్ల్యూఏపీ-7 అనే కరెంటు ఇంజన్లలో మొదటిదాని నంబర్ 30201. అందుకని చివరి నాలుగంకెలు తీసుకుంటారు, అది 201 అవుతుంది. చివరి నాలుగంకెలు ఒకటే ఉన్న రెండు ఇంజన్లు కొంటేనే గొడవ.

ఇక మొదట్లో అడిగిన సీవీ 29. సీవీ అంటే డికోడర్‌లోని ఒక్కో సెట్టింగ్. 29లో చాలా సెట్టింగ్‌లు ఒకే అంకెలో కలిపి ఉంటాయి, కొత్తవాళ్లు తడబడేది అందుకే. వేగాన్ని 28 లేదా 128 మెట్లలో నడపాలంటే 2. మామూలు డీసీ లేఅవుట్ మీద కూడా నడవాలంటే 4. లాంగ్ అడ్రస్ కావాలంటే 32. కావాల్సినవి కూడితే చాలు: 2, 4, 32 కలిపితే 38. ఇంజన్ ముందుకి అంటే వెనక్కి పోతోందా? ఇంకో 1 కలపండి, 39.

డబ్బు ఎక్కడ పెట్టాలన్నదాని మీద ఎవరి మాట వాళ్లది. ఒక్క ఇంజన్, ఒక్క లైను ఉన్నంతకాలం డీసీ చాలు. రెండో ఇంజన్ కొనేముందే డీసీసీకి మారండి. తర్వాత మారితే ప్రతి ఇంజన్ విప్పాలి. సౌండ్ డికోడర్ల దగ్గర మనకో అదృష్టం కూడా ఉంది. డబ్ల్యూడీఎం-2లో ఉన్నది ఆల్కో 251 ఇంజన్, డబ్ల్యూడీజీ-4 అనే గూడ్స్ డీజిల్‌లో ఈఎండీ 710. రెండిటి శబ్దాలూ అమెరికన్ మోడళ్ల కోసం ఎప్పుడో రికార్డ్ చేసి పెట్టారు. హారన్ మాత్రం మనది పెట్టుకోవాలి, అది వినగానే తేడా తెలిసిపోతుంది.

డీసీసీ అయినా డీసీ అయినా రెండు పట్టాల పద్ధతిలో ఒక చిక్కు ఉంది. లైను గుండ్రంగా తిరిగి, రైలు వచ్చిన దారిలోనే ఎదురు దిశలో వెనక్కి వెళ్లేలా తనలోనే కలిస్తే ఎడమ పట్టా కుడి పట్టాకి తగిలి షార్ట్ అవుతుంది. ఆ మలుపులో ఒక ముక్కని రెండు చివర్లా వేరు చేసి, దానికి ధన ఋణాలు మార్చే ఏర్పాటు చేయాలి. డీసీసీలో ఈ పని తానే చేసుకునే చిన్న బోర్డులు దొరుకుతాయి.

దుమ్ము గురించి ఎంత చెప్పినా తక్కువే. చక్రానికి, పట్టాకి మధ్య తగిలే చోటు సూదిమొనంత. మన ఎండాకాలం దుమ్ము, విశాఖ లాంటి సముద్రపు ఊళ్ల తేమ, రెండూ అక్కడే చేరతాయి. ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తడిపిన నూలుగుడ్డతో తుడవడం, వాడనప్పుడు పాత దుప్పటి కప్పడం, ప్రతి పట్టా ముక్కకి విడిగా వైరు ఇవ్వడం. ఫిష్‌ప్లేట్ల మీద భరోసా పెట్టుకుంటే రెండు వానాకాలాలు తిరిగేసరికి ఎక్కడ కరెంటు ఆగిందో వెతుక్కోవాలి. ప్లైవుడ్ తేమకి ఉబ్బడం వల్ల పట్టాలు వంకర తిరుగుతాయి. వేడికి పట్టా సాగేది తక్కువ, 90 సెం.మీ. ముక్క 25 డిగ్రీల తేడాకి అర మిల్లీమీటరు కూడా సాగదు. బల్ల కొయ్య అడుగు భాగానికి కూడా రంగు వేయమనేది తేమకి ఉబ్బకుండా ఉండాలనే.

గడియారం, షంటింగ్

110 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు హెచ్‌ఓలో సెకనుకి 35 సెం.మీ. వెళ్లాలి. అంటే 4 మీటర్ల గోడ పొడవున ఉన్న లైనును 11 సెకన్లలో దాటేస్తుంది. ఊళ్ల మధ్య దూరాన్ని పదో వంతుకో వందో వంతుకో కుదించేశాం కదా, మరి టైమ్‌టేబుల్ ఎలా? దీనికి ఫాస్ట్ క్లాక్ వాడతారు. గడియారం ఆరింతలు వేగంగా తిరుగుతుంది, పది నిమిషాల్లో గంట గడుస్తుంది. రైళ్లు స్కేల్ వేగంతోనే నడుస్తాయి. పది నిమిషాల్లో ఒక క్రాసింగ్, ఒక పార్సిల్ లోడింగ్, ఒక ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వడం. స్టేషన్ మాస్టర్ ఒకరు, డ్రైవర్ ఒకరు, కంట్రోలర్ ఒకరు. పుణేలో కొత్రూడ్‌లో భావు జోషి 1998లో తెరిచిన మినియేచర్ రైల్వే మ్యూజియంలో నిలబడితే ఎన్నో రైళ్లు ఒకేసారి టైముకి కదలడంలో ఉన్న ఆనందం తెలుస్తుంది. ఇంట్లో నలుగురు నడిపినా అదే.

నలుగురు లేరు, గది లేదు అనేవాళ్లకి షంటింగ్ (వ్యాగన్లను అటూఇటూ జరిపి వరుసగా పేర్చడం) ఉంది. బ్రిటన్‌కి చెందిన అలన్ రైట్ రూపొందించిన ఇంగిల్‌నూక్ సైడింగ్స్ చూడండి. పాయింట్లు రెండే. సైడింగ్‌లు మూడు, ఒకదానిలో ఐదు వ్యాగన్లు, మిగతా రెండిటిలో మూడేసి పడతాయి. ఇంజన్ వైపు లైను ఒక ఇంజన్, మూడు వ్యాగన్లకి సరిపోవాలి. వ్యాగన్లు ఎనిమిది. చీట్లు తీసి ఐదు వ్యాగన్లను చీట్లలో వచ్చిన వరుసలోనే పేర్చాలి. ఎనిమిదిలోంచి ఐదింటిని వరుసగా ఎంచుకునే మార్గాలు 6720. కాబట్టి ఆట పాతబడదు. మన బాక్స్‌ఎన్ అనే గూడ్స్ వ్యాగన్ 10.7 మీటర్లు, హెచ్‌ఓలో 12.3 సెం.మీ. ఐదు వ్యాగన్ల సైడింగ్ 62 సెం.మీ., మూడు వ్యాగన్లతో డబ్ల్యూడీఎం-2 ఉన్న లైను 57, రెండు పాయింట్లకి ఓ 40. మొత్తం 1.6 మీటర్ల పలక. ఎన్ స్కేల్‌లో అయితే 90 సెం.మీ. లోపే.

ఇంత చిన్నదానిలో మలుపు బాధ లేదు, బరువు బాధ దాదాపు లేదు. పట్టించుకోవాల్సినవి రెండే. అయస్కాంతంతో విడిపోయే కప్లర్లు కావాలి. పాయింట్ మధ్యలో పట్టాలు ఒకదాన్నొకటి దాటే ఫ్రాగ్ దగ్గర ప్లాస్టిక్ ముక్క ఉన్నవి కాకుండా కరెంటు పారే లోహం ఉన్నవి తీసుకుని, పాయింట్ మార్చినప్పుడు ఫ్రాగ్‌కి వెళ్లే కరెంటు కూడా మారేలా వైరింగ్ చేయాలి. షంటింగ్‌లో ఇంజన్ నత్తనడక నడుస్తుంది, ప్లాస్టిక్ ఫ్రాగ్ మీద అది తప్పకుండా ఆగిపోతుంది.